కమాండ్ కంట్రోల్ కేంద్రాలు: కోనసీమలో పౌర, సైనిక సమన్వయం

యుద్ధంలోనైనా విపత్తులోనైనా నలుమూలల నుంచి వచ్చే సమాచారాన్ని ఒకచోట చేర్చి, నిజానిజాలు వడగట్టి, నిర్ణయం తీసుకుని, దాన్ని పనిచేసే బలగాలకు అందించే స్థానాన్ని కమాండ్ కంట్రోల్ కేంద్రం అంటారు. సైన్యంలో దీన్ని ఆపరేషన్స్ రూమ్ అని, విపత్తు నిర్వహణ పరిభాషలో అత్యవసర కార్యకలాపాల కేంద్రమని వ్యవహరిస్తారు. కలెక్టరేట్లలో, పత్రికల్లో, ఊళ్లలో వాడుక మాట కంట్రోల్ రూమ్.

ఈ కేంద్రాల పనితీరును దగ్గరగా చూడటానికి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా తగిన చోటు. ఇక్కడ సైనిక దండు లేదు, నౌకాస్థావరం లేదు, విమానాశ్రయం లేదు. గోదావరి వరదను కొలిచే హెడ్‌వర్క్స్ కార్యాలయం ధవళేశ్వరంలో, అంటే తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. కోస్ట్ గార్డ్ స్టేషన్ కాకినాడలో, తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖపట్నంలో, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉన్నాయి. అమలాపురంలోని కంట్రోల్ రూమ్‌కు సొంత బలగం స్వల్పం. ప్రమాదాలు మాత్రం మూడు దిక్కుల నుంచి పొంచి ఉంటాయి: ఎగువన నది, దిగువన సముద్రం, కాళ్ల కింద సహజవాయువు. నది ఒక రోజు ముందు కబురు పంపుతుంది. తుపాను మూడు నాలుగు రోజుల గడువు ఇస్తుంది. గ్యాస్ బావి అసలు గడువే ఇవ్వదు. ఇక్కడి కంట్రోల్ రూమ్ ఏ రూపంలో పనిచేయాలో, సైన్యాన్ని ఎప్పుడు పిలవాలో తేల్చేది ఈ గడువే.

స్వరూపం

1940లో జర్మన్ విమానాలు బ్రిటన్ మీద దాడికి దిగినప్పుడు హ్యూ డౌడింగ్ నాయకత్వంలోని ఫైటర్ కమాండ్ లండన్ శివారు బెంట్లీ ప్రయరీలో నడిపిన పద్ధతి నేటి కేంద్రాలకు ముఖ్యమైన మాతృక. తీరంలోని రాడార్ల కబుర్లన్నీ ముందుగా ఫిల్టర్ రూమ్‌కు చేరేవి. ఒకే విమానాల గుంపును రెండు రాడార్లు రెండుగా చూపిస్తే, అది ఒకటేనని తేల్చడం అక్కడివారి పని. అలా తేలిన సమాచారమే బల్ల మీది పెద్ద పటంపైకి ఎక్కేది. ఆ పటాన్ని చూసి ఏ స్థావరం నుంచి ఎన్ని విమానాలు లేవాలో నిర్ణయించేవారు. ఇప్పుడు బల్ల స్థానంలో వీడియో గోడ వచ్చింది. వడగట్టే పని మాత్రం మనుషుల చేతుల్లోనే ఉంది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌కైనా, అమలాపురం కలెక్టరేట్‌లో నాలుగు ఫోన్లు పెట్టుకున్న గదికైనా ఇది వర్తిస్తుంది.

పౌర పాలనలో ఈ పద్ధతి వేరే దారిలో ఎదిగింది. 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చులను ఆర్పడానికి వెళ్లిన దళాలు ఒకరి రేడియో ఒకరికి అందక, ఒకరి పదవులు ఒకరికి అర్థంకాక ఇబ్బంది పడ్డాయి. ఆ అనుభవం నుంచి ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ పుట్టింది. దాన్ని మన పాలనా నిర్మాణానికి తగ్గట్టు మార్చి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు విడుదల చేసింది. దాని ప్రకారం జిల్లాలో బాధ్యత వహించే అధికారి కలెక్టర్. ఆయన కింద ఇన్సిడెంట్ కమాండర్, ఆ కమాండర్ కింద మూడు విభాగాలు ఉంటాయి: రంగంలో పనిచేసే ఆపరేషన్స్, రేపటి సంగతి చూసే ప్లానింగ్, పడవలూ బియ్యమూ డీజిలూ సమకూర్చే లాజిస్టిక్స్.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. అయితే మన జిల్లా యంత్రాంగం శాఖల వారీగా నడవడానికి అలవాటు పడింది. జలవనరుల శాఖ ఇంజనీరు తన చీఫ్ ఇంజనీరు వైపు, పోలీసు అధికారి ఎస్పీ వైపు, విద్యుత్ సిబ్బంది డిస్కం వైపు చూస్తారు. కొన్ని రోజుల పాటు వీళ్లందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడమే కంట్రోల్ రూమ్ సాధించే అసలు పని.

నేపథ్యం

కోనసీమకు దగ్గరలో తొలిసారి ఆధునిక యుద్ధం తాకింది 1942 ఏప్రిల్ 6న. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. దీపాలు ఆర్పడం, సైరన్ మోగించడం, క్షతగాత్రులను తరలించడం వంటి పనులను సైన్యంతో కలిసి పౌర వలంటీర్లు చేసే వైమానిక దాడుల రక్షణ విధానం తీరపట్టణాల వారికి అప్పుడే అనుభవంలోకి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం ఆ బాధ్యత 1968 పౌర రక్షణ చట్టం కిందికి వచ్చింది. 2025 మే 7న దేశవ్యాప్తంగా పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిపినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం అందులో పాల్గొంది.

జిల్లా కంట్రోల్ రూమ్‌ను మలిచింది మాత్రం యుద్ధాలు కావు, తుపానులు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టడం ఆ తరువాతే ఊపందుకుంది. 1996 నవంబరు 6 రాత్రి మరో తీవ్ర తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను చీల్చుకుంటూ వెళ్లింది. వెయ్యి మందికి పైగా మరణించగా వందలాది మంది ఆచూకీ తెలియలేదు. గల్లంతైన వారిలో చాలామంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లు దారుణంగా దెబ్బతిన్నాయి. లక్షలాది కొబ్బరి చెట్లు నేలకూలాయి. చెట్టు పడితే రోడ్డు మూసుకుపోతుంది, స్తంభం పడితే ఫోన్ పోతుంది. ఏ ఊళ్లో ఏం జరిగిందో జిల్లా కేంద్రానికి తెలియడానికే చాలా సమయం పట్టింది. ఆ అనుభవంతోనే 1997లో ప్రపంచ బ్యాంకు రుణంతో రాష్ట్రంలో విపత్తు ఉపశమన, తుపాను పునరుద్ధరణ ప్రాజెక్టు మొదలైంది.

2004 డిసెంబరు 26 సునామీ తరువాత చట్టం వచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలని నిర్దేశించింది. 2006లో ఎన్‌డీఆర్‌ఎఫ్ ఏర్పడింది. 2007లో హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయ్యేవరకు ఈ ప్రాంతానికి జిల్లా కంట్రోల్ రూమ్ కాకినాడలో ఉండేది. విభజనతో ఆ గది అమలాపురానికి వచ్చింది. కొత్తపేట కూడా రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. దూరం తగ్గిందన్నది నిజమే. దాంతోపాటే రేవు, విమానాశ్రయం, హెడ్‌వర్క్స్ మూడూ పక్క జిల్లాల పరిధిలోకి వెళ్లాయి. ఇదివరకు ఒకే కలెక్టర్ కింద ఉన్న పనికి ఇప్పుడు కనీసం ముగ్గురు కలెక్టర్ల మధ్య మాట కలవాలి.

అంచెలు

రాష్ట్రస్థాయిలో రెండు కేంద్రాలు పనిచేస్తాయి. తాడేపల్లి మండలం కుంచనపల్లిలోని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఆపరేషన్స్ కేంద్రం హెచ్చరికలు జారీ చేస్తుంది, బలగాలను కేటాయిస్తుంది. అమరావతి సచివాలయంలో 2017లో మొదలైన రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ (ఆర్టీజీఎస్) కేంద్రం వాతావరణ సమాచారాన్నీ, కెమెరాలనూ, శాఖల లెక్కలనూ ఒక తెరమీదికి తెస్తుంది. ముఖ్యమంత్రి, మంత్రులు సమీక్షలు జరిపేది ఎక్కువగా ఇక్కడి నుంచే. రాష్ట్ర కేంద్రానికి 1070, జిల్లా కేంద్రాలకు 1077 నంబర్లు ఉన్నాయి. పోలీసు, అగ్నిమాపక, వైద్య సాయానికి ఉమ్మడి నంబరు 112.

జిల్లాలో కలెక్టరేట్, ఆర్డీఓ కార్యాలయాలు, తహసీల్దార్ కార్యాలయాలు, చివరగా గ్రామ సచివాలయాలు వరుస అంచెలు. లంక గ్రామంలో పడవ ఎవరిది, మంచం దిగలేని ముసలమ్మ ఏ ఇంట్లో ఉంది, గర్భిణి ఎవరు అన్నవి చివరి అంచెలోని వీఆర్‌ఓకు, ఆశ కార్యకర్తకు మాత్రమే తెలిసిన సంగతులు. ఏ తెరమీదా అవి కనిపించవు.

నది ఇచ్చే గడువు

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. దిగువన వశిష్ఠ నుంచి వైనతేయ, గౌతమి నుంచి వృద్ధ గౌతమి విడిపోతాయి. ఈ పాయల నడుమ ఏటిగట్ల లోపల ఉన్నది కోనసీమ. గట్లకు, నీటికి మధ్య ఉన్నవి లంకలు. అందుకే వరదల కాలంలో ఇక్కడ కంట్రోల్ రూమ్‌కు రెండు వేర్వేరు బాధ్యతలు ఉంటాయి. లంకల్లోని జనాన్ని గట్టు దాటించడం ఒకటి, గట్టు తెగకుండా కాపాడటం రెండోది. మొదటిదానిలో ఆలస్యమైతే కొన్ని వందల కుటుంబాలు చిక్కుకుంటాయి. రెండోదానిలో పొరపాటు జరిగితే మండలాలే మునుగుతాయి.

వరద రోజుల్లో పత్రికల్లో వచ్చే పేర్ల వరుస ఇక్కడివారికి కంఠతా వచ్చు: కాళేశ్వరం, పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, కుంట, పోలవరం, ధవళేశ్వరం. కేంద్ర జలసంఘం గేజీలు చూసి చెప్పే ఆ అంకెలే కోనసీమ కంట్రోల్ రూమ్‌కు ప్రాణం. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు జారీ అవుతాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. భద్రాచలంలో కనిపించిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. కోనసీమకు దక్కే గడువు అదే. ఉపనది శబరి ఒక్కసారిగా పొంగితే అదీ తగ్గుతుంది, ఎందుకంటే శబరి కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర.

ఒక్కో హెచ్చరికకు ఏ పని మొదలవ్వాలో ముందే రాసి ఉంటుంది. నిజానికి నీరు ఈ హెచ్చరికల కోసం ఆగదు. మొదటి హెచ్చరికకు ముందే కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది. అయినవిల్లి మండలంలోని ఎదురుబిడియం కాజ్‌వే, పి.గన్నవరం మండలం చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగాయంటే నాటు పడవలు దిగాల్సిందే. కనకాయలంక పాలనాపరంగా పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలానికి చెందిన ఊరు. రాకపోకలు మాత్రం కోనసీమ వైపు నుంచి సాగుతాయి. పడవ ఏ జిల్లా పంపాలి, బియ్యం ఏ తహసీల్దారు ఇవ్వాలి అన్న ప్రశ్న వరదలో తలెత్తకుండా ముందే తేల్చుకోవలసిన ఊరు అది. పి.గన్నవరం మండలంలోనే ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట వాసులకు వరద వచ్చిన ప్రతిసారీ పడవే దారి.

రెండో హెచ్చరిక దాటాక దృష్టి గట్ల మీదికి మళ్లుతుంది. లస్కర్లు, జలవనరుల శాఖ సిబ్బంది, ఊరివాళ్లు కలిసి రాత్రింబవళ్లు గట్టు మీద తిరుగుతారు. ఎలుకలు, పీతలు చేసిన బొరియల్లోంచి ఊరే నీరు తేటగా ఉంటే కాస్త సమయం ఉందని, బురదగా వస్తుంటే గట్టు లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. ఆ కబురు నిమిషాల్లో కంట్రోల్ రూమ్‌కు చేరాలి, అక్కడినుంచి ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు, ట్రాక్టర్లు కదలాలి. ఇక్కడ సైన్యం చేయగలిగింది తక్కువ. గట్టును కాపాడేది దాన్ని ఏళ్ల తరబడి చూసిన మనుషులే.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైంది. ధవళేశ్వరం నుంచి దాదాపు 35 లక్షల క్యూసెక్కులు సముద్రానికి పోయాయి. గోదావరి గట్ల ఎత్తుకు ఈనాటికీ ఆ వరదే కొలమానం. 2022 జూలైలో భద్రాచలం మళ్లీ 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరంలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గోదావరి పెద్ద వరదలు సాధారణంగా ఆగస్టులో వస్తాయి. జూలైలో ఇంత నీరు రావడం, అదీ జిల్లా పుట్టిన నాలుగో నెలలోనే రావడం అమలాపురం కొత్త కంట్రోల్ రూమ్‌కు కఠిన పరీక్ష అయింది. ఎన్‌డీఆర్‌ఎఫ్, రాష్ట్ర విపత్తు స్పందన దళం పడవలతో దిగాయి. అయినా లంకల్లో మంచినీరు, పశుగ్రాసం చేర్చడంలో స్థానిక పడవలవాళ్ల పాత్రే ఎక్కువ. చాలా కుటుంబాలు పశువులను వదిలి రావడానికి ఇష్టపడలేదు. ఖాళీ చేయించే ప్రణాళికలో మనుషులతోపాటు పాడి గేదెలకూ చోటు లేకపోతే అది లంకల్లో పారదు.

ఎగువన వరద తగ్గిందని కబురు వచ్చినా కోనసీమలో నీరు వెంటనే దిగదు. అమావాస్య, పౌర్ణమి పోటు సమయాల్లో సముద్రం నీటిని తీసుకోదు. కాబట్టి ఇక్కడి గదిలో నది గేజీల పక్కన పోటుపాట్ల పట్టిక కూడా ఉండాలి.

తుపాను ఇచ్చే గడువు

సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాలు సముద్రతీరంలో ఉన్నాయి. విశాఖపట్నంలో 1974లో ఏర్పడిన తుపాను హెచ్చరిక కేంద్రం, విశాఖ, మచిలీపట్నం డాప్లర్ రాడార్లు ఈ తీరాన్ని కనిపెట్టి ఉంటాయి. అల్పపీడనం వాయుగుండంగా మారగానే రేవుల్లో హెచ్చరిక సూచికలు ఎగురుతాయి. వేటకు వెళ్లినవారిని వెనక్కి పిలిచే పని కోస్ట్ గార్డ్ ఓడలు, విమానాలు, మత్స్యశాఖ కలిసి చేస్తాయి. 1996తో పోలిస్తే ప్రాణనష్టం బాగా తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

తుపానులో సైన్యం, నౌకాదళం పాత్ర రెండు దశలుగా ఉంటుంది. గాలి వీస్తున్నంతసేపు హెలికాప్టర్ లేవదు, పడవ కదలదు. కాబట్టి బలగాలను ముందే దగ్గరికి తెచ్చి ఉంచాలి. కోనసీమకు రైలు లేదు. లోపలికి దారులన్నీ వంతెనల మీదుగానే: 16వ జాతీయ రహదారిపై జొన్నాడ, సిద్ధాంతం, 216వ రహదారిపై యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ. గాలి మొదలయ్యాక వీటి మీద లారీలు నడపడం ప్రమాదం. అందుకే విద్యుత్ స్తంభాలు, జనరేటర్లు, చెట్లు కోసే రంపాలు, జేసీబీలు అన్నీ ముందురోజుకే వంతెనలు దాటి లోపలికి వచ్చేయాలి. కంట్రోల్ రూమ్‌లో అందరూ తుపాను కన్ను ఎక్కడుందో చూస్తుంటారు. అనుభవమున్న అధికారి మాత్రం రంపాలు ఎక్కడున్నాయని అడుగుతారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు టెలిఫోన్ టవర్లు, కరెంటు పోయి, సహాయం చేయవలసిన యంత్రాంగమే మూగబోయింది. ముఖ్యమంత్రి విశాఖ కలెక్టరేట్‌లో మకాం వేసి పనులు నడిపించారు. పెద్ద నగరానికే ఆ గతి పడితే తీరగ్రామాల సంగతి చెప్పనక్కరలేదు. తరువాతి తుపానులకు శాటిలైట్ ఫోన్లు, పోలీసు వైర్‌లెస్ సెట్లు, టవర్లకు డీజిల్ ముందే సమకూర్చడం తప్పనిసరి అయింది. 2018 డిసెంబరు 17 మధ్యాహ్నం ఫెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర దాటింది. ఆ రాత్రి కోనసీమతో సహా ఏడు జిల్లాల్లో 8:30 నుంచి తెల్లవారి 6 గంటల వరకు వాహనాల రాకపోకలను నిలిపివేశారు. రోడ్డు మీద జనం లేకపోవడం వల్ల పడిన చెట్లు రోడ్లనే మూశాయి గాని మనుషులను పెద్దగా పొట్టనబెట్టుకోలేదు. ఇలాంటి ఆంక్ష విధించాలంటే రవాణా, పోలీసు, రహదారుల శాఖలు ఒకే నిమిషంలో ఒకే మాట మీద ఉండాలి. కమాండ్ అన్న మాటకు తగిన పని అది.

హెచ్చరిక జనానికి చేరే దారులు కూడా మారాయి. దండోరా, మైకు కట్టిన ఆటో, గుడి మైకు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి తోడు సచేత్ వ్యవస్థ ద్వారా ఫలానా మండలంలోని ఫోన్లకే తెలుగులో సందేశం పంపగలుగుతున్నారు.

గడువు ఇవ్వని ప్రమాదం

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర దేవర్లంకలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి బ్లోఅవుట్ అయి మంటలు లేచాయి. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నీల్ ఆడమ్స్ సంస్థ నిపుణులు వచ్చి మార్చిలో దాన్ని మూయగలిగారు. వరదలో లేని చిక్కు ఇక్కడ ఉంది: ప్రమాద స్థలంలో ఏం చేయాలో తెలిసినవాళ్లు కంపెనీ ఇంజనీర్లు, జనం మీద అధికారం ఉన్నది కలెక్టర్‌కు. మంట దగ్గరకు ఎవరు వెళ్లాలో కంపెనీ చెప్పాలి, ఊరు ఎంత దూరం జరగాలో కలెక్టర్ ఆదేశించాలి. రెండు గదులు, రెండు పటాలు అయితే నష్టం జనానిదే.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత వచ్చిన 1989 ప్రమాదకర రసాయనాల నియమాలు ఈ సరిహద్దును చట్టబద్ధం చేశాయి. ప్రహరీ లోపలి ఆన్‌సైట్ ప్రణాళిక సంస్థ బాధ్యత, ప్రహరీ బయటి ఆఫ్‌సైట్ ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. కోనసీమలో ఇబ్బంది ఏమిటంటే గ్యాస్ పైపులకు ప్రహరీ ఉండదు. అవి వరిచేల కింద, కొబ్బరితోటల కింద, ఇళ్ల పక్కన పోతాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. లీకైన వాయువు ఊరంతా పరుచుకుని ఉండగా నిప్పు తగలడంతో మంట ఒక్క క్షణంలో అంతటా వ్యాపించింది. అక్కడ కంట్రోల్ రూమ్ చేయడానికి మిగిలింది మంటలు ఆర్పడం, కాలినవారిని ఆసుపత్రులకు పంపడం మాత్రమే. ఇలాంటి ప్రమాదాల్లో కేంద్రం పని పేలుడు రోజున కాదు, వాసన వచ్చిందని ఎవరో ఫోన్ చేసిన రోజున మొదలవ్వాలి. ఆ ఫోన్‌ను ఎవరు ఎత్తారు, ఎన్ని గంటల్లో వాల్వ్ మూశారు అన్నదే కొలత. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకైనప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో మరో బావి బ్లోఅవుట్ జరిగి సమీప గ్రామాలను ఖాళీ చేయించారు. పాశర్లపూడి ప్రమాదం జరిగిన ముప్ఫై ఒక్క ఏళ్ల తరువాత, అంత దూరం కాని ఊళ్లో.

సముద్రం మీది గది

తీరానికి ఆవల కమాండ్ నౌకాదళానిది. 2008 ముంబై దాడుల తరువాత 2009లో సముద్ర భద్రత మొత్తం బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు. ముంబై, విశాఖపట్నం, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లలో ఉమ్మడి ఆపరేషన్స్ కేంద్రాలు ఏర్పడ్డాయి. కోనసీమ తీరం విశాఖ కేంద్రం పరిధిలోది. అక్కడ నౌకాదళంతోపాటు కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసు, కస్టమ్స్, మత్స్యశాఖ, రేవుల సమాచారం కలుస్తుంది. తీరం పొడవునా ఉన్న రాడార్లు, కెమెరాల సమాచారం గురుగ్రామ్‌లో 2014 నుంచి నడుస్తున్న కేంద్రానికి చేరుతుంది. 2019 నుంచి సీ విజిల్ పేరిట దేశమంతటా తీర రక్షణ విన్యాసాలు జరుగుతున్నాయి.

కృష్ణా–గోదావరి బేసిన్ చమురు, గ్యాస్ క్షేత్రాల వల్ల ఈ తీరానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అల్లవరం మండలం ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. లోతు సముద్రంలోని కేజీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. మత్స్యకారుడికి అవి వేట చేసే నీళ్లు, కంపెనీకి ఆస్తి, నౌకాదళానికి కాపలా ప్రాంతం. ప్లాట్‌ఫాం దగ్గరకు వచ్చింది వేట పడవా, అనుమానాస్పద నౌకా అని తేల్చే ఫిల్టర్ రూమ్ పనికి పడవ రిజిస్ట్రేషన్, రంగు, మత్స్యకారుల గుర్తింపు కార్డులు ఆధారం.

సైన్యాన్ని పిలవడం

సైన్యం పౌర అధికారులకు సాయపడుతుంది, వారి స్థానాన్ని తీసుకోదు. ఎక్కడ, ఏ పని కావాలో కలెక్టర్ చెబుతారు. ఆ పని ఎలా చేయాలో దళాధిపతి నిర్ణయిస్తారు. జవాన్లు తమ అధికారి ఆదేశంలోనే ఉంటారు. అభ్యర్థన మామూలుగా రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్తుంది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు దగ్గరలోని దళాధిపతి నేరుగా స్పందించవచ్చు. పౌర వనరులు చాలనప్పుడే పిలవాలి, అవసరం తీరగానే పంపేయాలి అన్నది నియమం. ఆచరణలో రాజకీయ ఒత్తిడి వల్ల హెలికాప్టర్ కోసం తొందరగా అడగడం, అది వచ్చాక ఎక్కడ దిగాలో తెలియక పాఠశాల మైదానం వెతుక్కోవడం జరుగుతుంటాయి. దిగే చోట్ల అక్షాంశ రేఖాంశాలు ముందే రాసిపెట్టుకున్న కంట్రోల్ రూమ్ సగం పని చేసినట్టే.

ఈ సమన్వయాన్ని పెద్దఎత్తున సాధన చేసిన చోటు కోనసీమకు పక్కనే ఉంది. భారత, అమెరికా త్రివిధ దళాల టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు 2019 నవంబరులో తొలిసారి విశాఖపట్నం, కాకినాడల్లో జరిగాయి. విపత్తు సహాయం వాటి ప్రధానాంశం. ఐఎన్ఎస్ జలాశ్వ వంటి నౌకలపై వచ్చిన దళాలు కాకినాడ తీరంలో దిగి ఉమ్మడి కమాండ్ కంట్రోల్ కేంద్రం, వైద్య శిబిరం నెలకొల్పాయి. 2024, 2025లలోనూ అక్కడే జరిగాయి. రేవు లేని తీరానికి ఓడ నుంచి నేరుగా లారీలు, మందులు దించడం ఆ సాధనలోని కీలకం. వంతెనలు తెగితే కోనసీమకు కావలసిన సాయమూ అలాంటిదే.

పరిధుల చిక్కులు

గౌతమి ఒడ్డున ఉన్న యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. ఎదురుగా ఉన్న ఎదుర్లంక ఆంధ్రప్రదేశ్‌ది. ఒకే వరద రెండు ఒడ్లనూ ముంచుతుంది, 2022 జూలైలో యానాం వీధుల్లోకీ నీరు వచ్చింది. కంట్రోల్ రూములు మాత్రం రెండు, ఆదేశాలు వచ్చే రాజధానులు రెండు. ఎగువన వరద అంకెలు వచ్చే భద్రాచలం తెలంగాణలో, కుంట ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి.

మరో చిక్కు పరికరాలకు, స్థానిక అనుభవానికి మధ్య ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. ఎన్‌డీఆర్‌ఎఫ్, నౌకాదళ గజఈతగాళ్లు, సోనార్ పరికరాలు అన్నీ వచ్చాయి. లోతు, సుడులు, వరద వల్ల బోటు బయటికి రాలేదు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లతో అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగింది. సోనార్ బోటు ఎక్కడుందో చూపించింది. దాన్ని ఏ కోణంలో పట్టాలో గోదావరితో బతికినవాళ్లకు తెలిసింది. ఆ ప్రమాదం తరువాత 2020లో రాష్ట్రంలోని బోటు మార్గాల్లో తొమ్మిది కంట్రోల్ రూములు ప్రారంభించారు. నీటిమట్టం, ప్రయాణికుల సంఖ్య, లైఫ్ జాకెట్లు సరిచూసి బోటు కదలడానికి అనుమతి ఇవ్వడం వాటి విధి.